పొదుగుకు కూర్చున్న పెట్టను ఇచ్చే ఇల్లు: కంకిపాడు వైపు నాటుకోళ్ల దొడ్డిపై ఒక సమీక్ష

విజయవాడలో సొంత ఇల్లు, దాని వెనుక కాస్త పెరడు ఉండి, నాలుగు నాటుకోళ్లను పెంచుకుందామని అనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న కోడిపిల్లలను ఎక్కడి నుంచి తేవాలన్నది. బందరు రోడ్డు మీద కంకిపాడు దాటి, కాలువ గట్టు వెంట లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్లో వరి సాగు చేసుకునే ఒక కుటుంబం ఈ అవసరాన్ని తమదైన పద్ధతిలో తీరుస్తోంది. వారు పిల్లలను అమ్మరు. పొదుగుకు వచ్చిన, అంటే గుడ్లను పొదగడానికి గూట్లో కూర్చున్న పెట్టను, దాని కింద పెట్టవలసిన గుడ్లను కలిపి ఇస్తారు. పిల్లలు పెరిగి తల్లి వాటిని విడిచిపెట్టాక పెట్టను తిరిగి అప్పగించవచ్చు, ఇష్టమైతే ఉంచుకోవచ్చు. దొడ్డికి పేరు లేదు, బోర్డు లేదు. ఒకరి నుంచి ఒకరికి నోటిమాటగా తెలియడమే తప్ప మరో ప్రచారం లేదు. గత కార్తీకంలో పోరంకిలోని మా ఇంటికి వారి దగ్గర నుంచి ఒక పెట్టను, 11 గుడ్లను తెచ్చుకున్నాము. ఆ అనుభవాన్ని బట్టి చెబుతున్నాను: ఇక్కడ నిజంగా కొనదగినది తల్లి. గుడ్లు బాగానే ఉన్నాయి, సలహాలు చాలా వరకు సరైనవే, టీకాల విషయంలో మాత్రం గట్టి లోపం ఉంది. అయినా పెట్టను ఎంచి ఇచ్చే తీరులో వారు చూపే శ్రద్ధను నేను ఈ చుట్టుపక్కల మరెక్కడా చూడలేదు.

ఆ శ్రద్ధ ఎందుకంత ముఖ్యమో వివరించాలి. కోడికి పొదుగు రావడం దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరగడం వల్ల జరుగుతుంది. అది పెరిగినప్పుడు గుడ్లు పెట్టడం ఆగిపోతుంది, పెట్ట గూడు వదలదు. గుడ్ల కోసం పెంచే ఫారం జాతుల్లో ఈ గుణాన్ని తరతరాల ఎంపికతో దాదాపు తొలగించారు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల లేయర్ ఫారాల్లో కనిపించే బీవీ 300 వంటి కోడి ఏడాదికి 300కు పైగా గుడ్లు పెట్టేది అందువల్లనే. నాటుపెట్ట విడతకు పన్నెండు నుంచి పద్దెనిమిది గుడ్లు పెట్టి పొదుగుకు వస్తుంది, ఏడాదికి మూడు నాలుగు విడతలు, మొత్తం మీద యాభై అరవై గుడ్లు. గుడ్ల లెక్కలో ఇది నష్టంగా కనిపించినా, పిల్లల లెక్కలో ఇదే పెట్టుబడి. అయితే నాటుపెట్టలన్నీ ఒక్క తీరుగా పొదగవు. కొన్ని నాలుగు రోజులు కూర్చుని, చోటు మారగానే లేచి తిరగడం మొదలుపెడతాయి. అప్పటికే లోపల పిండం పెరుగుతున్న గుడ్లు చల్లబడి పాడవుతాయి. పట్నంలో కోడిని కొని పొదగేసినవారిలో చాలామంది నిరాశపడేది ఇక్కడే.

ఈ కుటుంబం ఆ ప్రమాదాన్ని తమ దొడ్డిలోనే వడకట్టి ఆపుతుంది. పెట్ట గూట్లో ఉండిపోయి, చెయ్యి దగ్గరకు తీసుకెళ్తే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటే సరిపోదు. దాన్ని రాత్రిపూట వేరే గంపలోకి మార్చి, పనికిరాని గుడ్లు రెండు మూడు కింద ఉంచి, మార్చిన చోట కూడా స్థిరంగా కూర్చుంటోందో లేదో చూస్తారు. "మా దగ్గర మూడు రాత్రులు కదలకుండా కూర్చోవాలండీ, ఆ తర్వాతే మీ చేతికిస్తాం" అని ఆ ఇంటి పెద్దావిడ మాతో స్పష్టంగా చెప్పారు. పొట్ట కింద ఈకలు రాలి చర్మం వెచ్చగా బయటపడిందా, తమ్మె రంగు తగ్గిందా, రోజుకు ఒకసారి మాత్రమే దిగి పెద్ద రెట్ట వేసి మళ్లీ ఎక్కుతోందా అన్నవి ఆవిడ చూసే గుర్తులు. ఇంతకు ముందు కనీసం ఒకసారి పిల్లలను చేసి సాకిన పెట్టనే బయటి ఇళ్లకు ఇస్తారు. ఏ పెట్ట ఎన్ని విడతలు పొదిగిందో తెలియడానికి కాలికి రంగుదారాలు కట్టి ఉంచుతారు. మాకు ఇచ్చిన పెట్టకు రెండు ఎర్రదారాలు ఉన్నాయి.

పెట్ట పరిమాణం గురించి కూడా వారు ఆలోచించడం నాకు నచ్చింది. మన ప్రాంతపు అసీల్ అనే పందెపు కోళ్ల జాతి రక్తం ఉన్న పెట్టలు పొదగడంలోనూ, పిల్లలను కాపాడడంలోనూ పేరుపడ్డవే అయినా, మరీ భారీగా, ఈకలు పలచగా ఉన్న పెట్ట కింద గుడ్లు చితుకుతాయి, అంచున ఉన్న గుడ్లకు వెచ్చదనం అందదు. అందుకని వారు మధ్యస్థంగా ఉండే, ఈక ఒత్తుగా ఉన్న పెట్టలను ఇందుకు ఉంచి, ఒక్కోదాని కింద 11 గుడ్లకు మించి ఇవ్వరు. మాకు వచ్చింది కాకి రంగు పెట్ట. 13 గుడ్లు ఇవ్వమని అడిగాము గానీ, చలికాలం రాత్రుళ్లు అన్నిటినీ కప్పలేదని చెప్పి ఒప్పుకోలేదు. అమ్మకం పెరిగే అవకాశాన్ని ఇలా కాదనడం వారి మీద నమ్మకాన్ని పెంచింది.

గుడ్ల విషయానికి వస్తే, ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చొప్పున వదులుతారు కాబట్టి చాలా గుడ్లు పుంజు తొక్కినవే అయి ఉంటాయి. గుడ్లను కడగరు. పెంకు మీద సహజంగా ఉండే పలుచటి పొర కడిగితే పోయి, సూక్ష్మజీవులు రంధ్రాల గుండా లోపలికి చేరతాయి కనుక ఇది సరైన పద్ధతి. మట్టి అంటిన గుడ్లను పొదుగుకు వాడకుండా పక్కన పెడతారు. నీడలో, తడి ఇసుక మీద కుదిర్చిన కుండలో సన్నటి కొన కిందికి ఉండేలా నిలబెట్టి ఉంచుతారు. గుడ్డులో పిండం దాదాపు 20, 21 డిగ్రీల కంటే వేడి తగిలితే నెమ్మదిగా పెరగడం మొదలవుతుంది. విజయవాడ గదుల వేడిలో ఆ పెరుగుదల అరకొరగా సాగి ఆగిపోవడం గుడ్డుకు చేటు కాబట్టి, పొదగేసే గుడ్లు చల్లగా ఉండాలి, వారం లోపువి అయి ఉండాలి, ఎండ ముదిరితే మూడు నాలుగు రోజుల లోపువే మేలు. ఇవన్నీ తెలిసిన ఇల్లు, గుడ్డు మీద పెట్టిన తేదీని మాత్రం రాయదు. ఏడో రోజు చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చి మీద పెట్టి చూస్తే మా 11 గుడ్లలో రెండు నీరులా తేటగా, నరాల జాడ లేకుండా కనిపించాయి. అవి పుంజు తొక్కనివో, నిలవ గుడ్లో తేల్చుకునే దారి లేకపోయింది. పెన్సిలుతో ఒక తేదీ వేయడానికి ఖర్చేమీ ఉండదు. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే కొనేవారికీ, వారికీ కూడా ఉపయోగం.

తీసుకువెళ్లే వేళ విషయంలో వారిది పట్టుదల. పొద్దు గుంకాకే రమ్మంటారు. చీకట్లో కోడి నిమ్మళంగా ఉంటుంది, కొత్త చోట కళ్లు తెరిచేసరికి కింద గుడ్లు ఉంటే అదే తన గూడు అనుకుంటుంది. వెదురు గంపలో పెట్టను కూర్చోబెట్టి, పైన తడిపి పిండిన గోనె కప్పి ఇచ్చారు. గుడ్లను వేరుగా ఊకలో సర్ది ఇచ్చారు. గూడు కోసం మరో వెడల్పాటి తట్ట, అడుగున వేయడానికి పొడి ఇసుక, పైన పరచడానికి వరిగడ్డి, గుప్పెడు వేపాకు, చిన్న ఇనుపముక్క, నాలుగు బొగ్గులు కూడా మూట కట్టారు. ఇనుపముక్క, బొగ్గులు ఉరుముల నుంచి గుడ్లను కాపాడతాయన్నది ఊళ్లో పాతకాలపు నమ్మకం. పెద్దావిడ దాన్ని నమ్మకంతోనే ఇచ్చారు, మేము గౌరవంగానే తట్టలో ఓ మూలన ఉంచాము. ఇసుక మాత్రం నిజంగా పనికొచ్చే వస్తువు. గుడ్లు నడిమికి ఒరిగేలా గుంట నిలుస్తుంది, వేడి తొందరగా జారిపోదు.

ఒక విషయం ఇక్కడ చెప్పి తీరాలి. ఇంటికి వచ్చాక పెట్ట రెక్కల కింద పేలు కనిపించాయి. పొదుగు మీద ఉన్న కోడి మట్టిస్నానం చేసేది తక్కువ కాబట్టి పేలు ఆ 21 రోజుల్లో విపరీతంగా పెరుగుతాయి, దురద భరించలేక పెట్ట గూడు వదిలేయడానికి, పిల్లలు పుట్టగానే నీరసించడానికి అదే కారణం కావచ్చు. వేపాకు ఒక్కటే దానికి చాలదు. మేము పశువైద్యుడిని అడిగి పేలమందు పొడి తెచ్చి, గుడ్లు కింద పెట్టేముందే ఈకల మొదళ్లకు పట్టించాము. గంప ఎక్కించే ముందు దొడ్డిలోనే ఈ పని ముగించి పంపడం వారి బాధ్యతని నా అభిప్రాయం.

పొదుగు సాగిన 21 రోజులూ మనిషి చేయవలసింది చాలా తక్కువ. పెట్ట తన ఒంటి కింద గుడ్లను 37.5 డిగ్రీల దాపున ఉంచుతుంది. పిండం పెంకు లోపలి పొరకు అంటుకుపోకుండా రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో తిప్పుతుంది, అంచువాటిని నడిమికి, నడిమివాటిని అంచుకు మారుస్తుంది. మన వంతు ఎండ, వాన, పిల్లి, పాము తగలని చోటు చూపించడం, దగ్గరలో నీళ్లు, జొన్నలు, వడ్లు ఉంచడం, కాస్త బూడిద కలిపిన పొడిమట్టి పోయడం. రోజుకు ఒకసారి దిగి పావుగంట, అరగంట తిరిగి వస్తే కంగారు పడనక్కరలేదు. అలా దిగనే దిగకపోతే, ఎత్తి మేత దగ్గర దింపమని పెద్దావిడ ఫోనులో చెప్పారు. ఎత్తేముందు రెక్కల కింద గుడ్డు ఇరుక్కుని ఉందేమో తడిమి చూడమని గుర్తు చేశారు కూడా. ఫోను చేసిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఓపికగా మాట్లాడారు. ఇంట్లో వేరే పెట్టలు ఉన్నవారు మాత్రం పొదగేసిన గుడ్ల మీద పెన్సిలుతో గీత గీసుకోవడం మంచిది. అవి ఆ తట్టలోనే కొత్త గుడ్లు పెట్టిపోతే, ముందు వెనుకలుగా పెరిగే గుడ్ల వల్ల చివరికి కొన్ని వదిలేయబడతాయి.

పద్దెనిమిదో రోజు నుంచి గూటిని ముట్టుకోవద్దన్నారు. ఇరవయ్యో రోజు సాయంత్రం నుంచే పెంకు లోపలి నుంచి కీచుమన్న సన్నటి పిలుపు, దానికి పెట్ట గొంతులో నుంచి వచ్చే మెత్తటి జవాబు వినిపించాయి. పిల్లి, కుక్క, బడి పిల్లలు, బంధువులు ఎవరినీ ఆ చాయలకు రానివ్వకపోవడం ఆ రోజున మనం చేయగల మేలు. పెంకుకు చిల్లు పడ్డాక పిల్ల పూర్తిగా బయటపడడానికి పన్నెండు గంటల నుంచి ఒక రోజు దాకా పడుతుంది. ఆలస్యమవుతోందని పెంకు ఒలిచి సాయం చేస్తే, పచ్చసొన పూర్తిగా పొట్టలోకి చేరకముందే, రక్తనాళాలు ఎండకముందే పిల్ల బయటికి వచ్చి చచ్చిపోతుంది. మిగిలిన తొమ్మిది గుడ్లలో ఎనిమిది పిల్లలయ్యాయి, ఒకటి లోపలే చచ్చింది. పెట్ట మరునాడంతా మిగిలిన దాని కోసం కూర్చుని, ఆ తరువాత పిల్లలను వెంటబెట్టుకుని దిగింది. లోపల చేరిన పచ్చసొన రెండు రోజులకు పైగా ఆహారంగా సరిపోతుంది కనుక, ఆ ఒక్కరోజు పిల్లలకు మేత అందలేదని బెంగపడనక్కరలేదు.

మేత సలహా దగ్గర నేను వారితో పూర్తిగా ఏకీభవించను. నూకలు, తవుడు, దొరికితే చెదపురుగులు చాలన్నారు. చెదలు నిజంగా మంచి మాంసకృత్తులే, పల్లెలో పెరటి నిండా పురుగూ పుట్రా ఉన్నచోట పిల్లలు వాటి మీదనే ఎదుగుతాయి. సిమెంటు చేసిన పట్నపు పెరట్లో అవి ఎక్కడ దొరుకుతాయి? వట్టి నూకల మీద పెరిగిన పిల్లలు రెక్కలు వేలాడేసి గిడసబారతాయి. మొదటి ఆరేడు వారాలు 20 శాతం దాపున మాంసకృత్తులు ఉండే చిక్ స్టార్టర్ మేతను ప్రధానంగా పెట్టి, నూకలను పైమేతగా వేయడం సరైనది. తల్లి కూడా అదే తింటుంది, ఆ సమయంలో గుడ్లు పెట్టదు కాబట్టి దానికి నష్టం లేదు. ఇంట్లో గుడ్లు పెట్టే కోళ్ల కోసం ఉంచిన లేయర్ మేతను మాత్రం పిల్లల దగ్గర ఉంచకూడదు. అందులో ఉండే మూడున్నర నాలుగు శాతం కాల్షియం లేత మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నీళ్లకు లోతు లేని మూకుడు పెట్టి, అందులో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు.

తల్లి ఉంటే ఎంత పని తప్పుతుందో ఈ వారాల్లోనే తెలుస్తుంది. తల్లి లేని పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల దాపున, తరువాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గిస్తూ బల్బు వేడి అందించాలి, రాత్రి కరెంటు పోతే లేచి చూసుకోవాలి. ఇక్కడ చలి వేసిన పిల్ల తల్లి రెక్క కింద దూరుతుంది, వెచ్చబడ్డాక బయటికి వస్తుంది. ఏది తినాలో, ఏది వదలాలో తల్లి ముక్కుతో చూపిస్తుంది. గద్ద నీడ పడగానే అది చేసే ఒక్క కేకకు పిల్లలన్నీ చెట్ల కింద నక్కుతాయి. మా వీధిలో కాకుల బెడద ఎక్కువే అయినా మొదటి రెండు వారాలు గంప కింద కమ్మి ఉంచి, ఆ తరువాత మా కళ్ల ముందు వదలడం వల్ల ఒక్క పిల్ల కూడా పోలేదు.

టీకాల సంగతి ఇక. ఈ కుటుంబం కోళ్లకు కొక్కెర తెగులు టీకా క్రమంగా వేయించదు. నాటుకోడికి రోగాలు తట్టుకునే శక్తి ఉంటుందన్నది వారి వాదన. కొక్కెర తెగులు, అంటే రానిఖేత్, నాటుకోడిని, ఫారం కోడిని వేరుచేసి చూడదు. మెడ తిప్పుకుని, పచ్చటి రెట్టలు వేస్తూ, టీకా లేని మందలో చాలా భాగాన్ని రోజుల్లోనే తుడిచిపెడుతుంది. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో ఈ తెగులుకు వేసే లసోటా టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, రెండు వారాల దగ్గర గంబోరో అనే మరో రోగానికి టీకా, నాలుగు వారాల దగ్గర లసోటా మరో విడత, ఎనిమిది వారాల దాపున కొక్కెర తెగులుకే ఆర్2బి అనే సూది మందు అన్నది పెరటి కోళ్లకు సాధారణంగా పాటించే క్రమం. ఇబ్బంది ఎక్కడంటే, టీకా సీసా వందల కోళ్లకు సరిపడేలా వస్తుంది, కలిపిన తరువాత మంచు మీద ఉంచి ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. ఎనిమిది పిల్లలున్న ఇంటికి ఇది అలవి కాని పని. అందుకనే ఆ దొడ్డి ఈ బాధ్యతను తలకెత్తుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఒకే వారంలో పెట్టలు తీసుకెళ్లిన ఇళ్లవారికి ఒక రోజు చెప్పి, తమ పిల్లలకు వేయించేటప్పుడే అందరి పిల్లలకూ వేయిస్తే ఒక సీసా పది ఇళ్లకు సరిపోతుంది. ఇప్పటికైతే కొనేవారు దగ్గరలోని పశువుల ఆసుపత్రిలో ముందే మాట్లాడుకోవాలి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉండడం మన ప్రాంతానికి ఒక వసతి.

శుభ్రత విషయంలో మాత్రం వారిని తప్పుపట్టలేను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పటి నుంచి బయటివారిని మంద దగ్గరకు రానివ్వడం లేదు. పెట్టను గేటు దగ్గరకే తెచ్చి చూపిస్తారు, గేటు ముందు సున్నం చల్లి ఉంటుంది, మన ఇంట్లో వేరే కోళ్లున్నాయా, ఈమధ్య ఏవైనా చచ్చాయా అని అడుగుతారు. పొదిగి వచ్చిన పెట్టను మూడు వారాలు వేరే చోట ఉంచి గానీ మందలో కలపరు.

ధరల్లో దాపరికం లేదు. మాకు గుడ్డుకు 30 రూపాయలు, పెట్టకు 1,200 రూపాయలు తీసుకున్నారు. పెట్టను ఆరోగ్యంగా తిరిగి ఇస్తే అందులో 800 వెనక్కి ఇస్తారు. గుడ్లు పిల్లలు కాకపోతే డబ్బు తిరిగి ఇవ్వరు గానీ, పెట్ట మధ్యలో లేచిపోతే వేరే పెట్టను ఇస్తామని చెప్పారు. మాకు ఆ అవసరం రాలేదు. పిల్లలకు రెండు నెలలు దాటాక పెట్ట వాటిని పొడిచి దూరం కొట్టడం, మళ్లీ గుడ్లకు రావడం మొదలుపెట్టింది. మేము దాన్ని ఉంచుకున్నాము.

ఇదే డబ్బుకు ఇంకేమి దొరుకుతాయో చూస్తే, వీధుల్లో అమ్మే రంగు కోడిపిల్లలు ఎక్కువగా లేయర్ హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు, తల్లి లేక, వెచ్చదనం లేక చాలా వరకు వారం కూడా బతకవు. వాటిని పసిపిల్లలకు ఆటవస్తువుగా కొనివ్వడం నాకు బాధ కలిగించే విషయం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలు పెరటికి మంచివే, మాంసానికీ గుడ్లకూ నాటుకోడి కంటే ఎక్కువ ఇస్తాయి. అయితే వాటికి బల్బు కింద పెంపకం తప్పదు, తరువాత అవే పొదిగి పిల్లలను చేస్తాయని ఆశించరాదు. చిన్న ఇంక్యుబేటర్ యాభై గుడ్లు వేసేవారికి ఉపయోగం, పది గుడ్ల ఇంటికి అది అక్కరలేని ఖర్చు.

వెళ్లదలచినవారు కాలం చూసుకోవాలి. ఏప్రిల్ నడిమి నుంచి మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడేదాకా వారు పెట్టలను ఇవ్వరు. రోహిణి కార్తె ఎండలో పెట్ట గూట్లో రొప్పుతుంది, గుడ్డులో పిండం చచ్చిపోతుంది. ముసుర్ల కాలంలో ఇస్తారు గానీ, తడిసిన నేల మీద పిల్లలకు రక్తపు పారుడు రోగం వచ్చే అవకాశం ఎక్కువ, ఊక పొడిగా ఉంచగలిగినవారే ఆ కాలంలో తీసుకోవాలి. కార్తీకం నుంచి మాఘం దాకా అన్నిటికంటే అనువు. ఒకేసారి నాలుగైదు పెట్టలకు మించి సిద్ధంగా ఉండవు, ముందు చెప్పుకున్నవారికే ఇస్తారు, కనుక దసరా వెళ్లగానే అడిగి ఉంచుకోవాలి. మగపిల్లలు ఎదిగాక కూతలకు పక్కింటివారు ఏమంటారో ముందే మాట్లాడుకోవడం కూడా అవసరం. సంక్రాంతి ముందు అసీల్ పోలిక ఉన్న పుంజుల కోసం ఇళ్లకు తిరిగే బేరగాళ్లు వస్తారు. చేతిలో పెరిగిన ప్రాణిని కత్తి కట్టే బరికి పంపవద్దు. ఆ పుంజులను అదే దొడ్డికి ఇస్తే మందలో వదలడానికి తీసుకుంటారని తెలుసుకుని ఉండడం మంచిది. మేము రెండు పుంజులను అలాగే ఇచ్చాము.